తిత్తి దగ్గర కూర్చున్నావిడ

పోయిన ఎండాకాలంలో సామర్లకోటలోని మా పెరట్లో ఒక కొలిమి పెట్టుకున్నాను. పెద్దదేం కాదు. పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికిన లారీ బ్రేక్ డ్రమ్ము, దాని అడుగున బిగించిన ఇనుప గొట్టం, గొట్టం చివర జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు. బొగ్గుల కోసం కొబ్బరి చిప్పలు కాల్చుకున్నాను. దాగలి బదులు ఒక దళసరి ఇనుప దిమ్మ. రైలు పట్టా ముక్కయితే ఇంకా బాగుంటుందంటారు గానీ, జంక్షన్ ఊళ్లో ఉంటున్నదాన్ని కాబట్టే దాని జోలికి పోలేదు. అది రైల్వే సొత్తు, ఇంట్లో దొరికితే కేసు. మొదట తెచ్చిన గొట్టం జింకు పూత ఉన్నది. ఆ పూత కాలితే వచ్చే పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుందని తెలిసి, దాన్ని మార్చి పూత లేనిది తెచ్చుకున్నాను.

"ఎవరికండీ, మీవారికా?" అన్నాడు కొట్టతను డ్రమ్ము తూకం వేస్తూ.

"నాకేనండీ."

"అబ్బే, మీవల్ల అయ్యే పని కాదండీ అది."

అతని మీద నాకు కోపమేం రాలేదు. ఆ మాట అతనొక్కడిదీ కాదు. కొలిమి మగవాడిదని మనందరం నమ్ముతాం. చేతిలో సుత్తి, ఒంటి మీద చెమట, కండలు తిరిగిన మగవాడు. కమ్మరి అనగానే కళ్లముందుకొచ్చే బొమ్మ ఇదే. అదే బొమ్మని కాస్త వెనక్కి జరిగి చూస్తే నిప్పుకి అవతల ఇంకొకరు కూర్చుని ఉంటారు, తిత్తి దగ్గర. ఆవిడ గురించే ఈ వ్యాసం. ఆవిడ నాకు కనబడడానికి నేను కొంత ఇనుము తగలేసుకోవలసి వచ్చింది.

మొదటి వారం డ్రయ్యరు నిండుగా పెట్టి ఊదేశాను. గాలి ఎంత ఎక్కువైతే పని అంత తొందరగా అవుతుందనుకున్నాను. నిప్పులోంచి తీసేసరికి కడ్డీ కొస కాకరపువ్వొత్తిలా రవ్వలు చిమ్ముతోంది. అంటే ఇనుమే కాలిపోతోంది. దాగలి మీద పెట్టి ఒక్క దెబ్బ వేస్తే బెల్లం ముక్కలా విరిగింది. గాలి తగ్గిస్తే కడ్డీ చింతపండు రంగు దాటదు, ఎంత కొట్టినా సాగదు. ఇనుము కాలినప్పుడే సాగుతుందని అందరికీ తెలుసు. ఎంత కాలాలన్నదే అసలు ప్రశ్న. అది తేలేది గాలి దగ్గర. పటకారు పట్టినవాడు ఇనుముని తిప్పుతాడు, కొడతాడు. ఆ ఇనుము ఎప్పుడు కొట్టడానికి పనికొస్తుందో, ఎప్పుడు పాడైపోతుందో గాలి కొట్టేవాళ్ల చేతిలో ఉంటుంది.

మా వీధి చివర ఒక మామ్మగారున్నారు. పెద్దాపురం వైపు పల్లెలో కమ్మరోళ్లింటికి కోడలుగా వెళ్లి, భర్త పోయాక కొడుకు దగ్గరికి ఇక్కడికొచ్చారు. నా సుత్తి చప్పుడు విని గోడ మీంచి తొంగిచూశారు. "మీకు కొలిమి పని వచ్చా మామ్మగారూ?" అనడిగాను. "నాకేం పనొచ్చమ్మా! పని మా ఆయనదే. నేను గాలి కొట్టేదాన్నంతే" అన్నారు. పెళ్లయిన దగ్గర్నుంచి ముప్ఫయ్యేళ్లపైనే కొట్టారట.

గాలి కొట్టడమంటే ఏమిటో చరిత్రలో వెతుకుదామని కూర్చుంటే, దారి తిరిగి సామర్లకోటకే వచ్చింది. ఈస్టిండియా కంపెనీ కాలంలో మా ఊళ్లో వృక్షశాస్త్రపు తోట ఒకటుండేది. విలియం రాక్స్‌బర్గ్ 1781లో ఇక్కడికొచ్చి మిరియాలు, నీలిమందు, చెరకు లాంటివాటి మీద ప్రయోగాలు చేశాడు. 1793లో ఆయన కలకత్తా వెళ్లిపోయాక ఆ పని బెంజమిన్ హైనె అనే జర్మన్ వైద్యుడి చేతికొచ్చింది. ఈయన చూపు మొక్కల దగ్గర ఆగలేదు. నూజివీడు దగ్గరి రమణక్కపేటలో ఇనుము తీసే పద్ధతిని పరిశీలించి 1795లో ఒక నివేదిక రాశాడు. ఆయన వ్యాసాల పుస్తకం 1814లో లండన్‌లో అచ్చయింది. రమణక్కపేట నివేదికని 1971లో ధరంపాల్ పద్దెనిమిదో శతాబ్దపు భారతీయ విజ్ఞానం మీద తెచ్చిన సంకలనంలో మళ్లీ వేశాడు. కరువుకి ముందు ఆ ఊళ్లో 40 ఇనుప కొలుములుండేవనీ, వెండి, రాగి పనివాళ్లు కూడా చాలామంది ఉండేవారనీ, ఆయన చూసేసరికి మిగిలినవాళ్లు దీనస్థితిలో ఉన్నారనీ అందులో ఉంది. 1790 తర్వాత ఉత్తర సర్కారులని ఊడ్చేసిన కరువు అది.

40 కొలుములు. ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇనుపరాయి నుంచి ఇనుము తీయడం కర్రు సాగగొట్టడం లాంటిది కాదు. మట్టి కొలిమిలో బొగ్గూ రాయీ పొరలు పొరలుగా పోసి గంటల తరబడి గాలి కొడుతూనే ఉండాలి. రెండు తిత్తులుంటాయి. ఒకటి నొక్కుతుంటే రెండోది గాలి నింపుకుంటుంది, ఊపిరి తెగకూడదు. అప్పుడు కూడా ఇనుము నీళ్లలా కరగదు, చిట్టెంతో కలిసి మెత్తటి ముద్దగా దిగుతుంది. దాన్ని వేడి మీదే సమ్మెటలతో బాది చిట్టెం రాల్చాలి. మధ్యలో గాలి ఆగితే రాయీ దండగే, బొగ్గూ దండగే. మరి 40 కొలుములకి ఎన్ని తిత్తులు, ఎన్ని చేతులు? కంపెనీకి కావలసిన లెక్క వేరు. ఎంత రాయికి ఎంత ఇనుము, ఎంత ఖర్చు అన్నదే దానికి ముఖ్యం. కొలుములు లెక్కకొచ్చాయి. కొలిమి చుట్టూ ఉన్న ఇల్లు లెక్కకి రాలేదు.

ఆ తర్వాతి శతాబ్దంలో ఇంగ్లండు కడ్డీ ఇనుము చవగ్గా దిగింది. రాయి కరిగించేవాళ్ల పని పోయింది, కడ్డీ సాగగొట్టేవాళ్ల పని మిగిలింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయి డెల్టా కాలవల కింద సాగు పెరిగితే నాగళ్లు, కొడవళ్లు కావలసొచ్చాయి. కమ్మరి ఆయగాళ్లలో ఒకడు. ఏడాది పొడుగునా కర్రు పదును పెట్టినందుకు కళ్లంలో గింజలు కొలిచేవారు. ఆ గింజలు 'కమ్మరి మేర'. ఆ ఇంట్లో తిత్తి లాగిన భార్యకీ, పెద్ద పనులకి సమ్మెట వేసిన కూతురికీ అందులో వేరే వాటా లేదు. ఇంటిపని ఎలా ఇంట్లో కలిసిపోయిందో కొలిమి పనీ అలాగే ఇంటిపనిలో కలిసిపోయింది. మన మాటలోనూ అంతే. 'కమ్మరోళ్లావిడ' అంటే కమ్మరి భార్య అని అర్థమవుతుంది గానీ, కమ్మరం చేసే మనిషని ఎవరికీ తట్టదు.

స్వాతంత్ర్యం వచ్చాక జనాభా లెక్కలవాళ్లు చేసిందీ ఇంచుమించు ఇదే. 1971లో 'ప్రధానంగా ఏం చేస్తారు?' అని అడిగేసరికి లక్షలాది ఆడవాళ్లు గృహిణులైపోయారు, పనిచేసే స్త్రీల సంఖ్య ఒక్కసారిగా పడిపోయింది. కుటుంబ వృత్తిలో జీతం లేకుండా చేసే పనిని కూడా పనిగా రాయాలని 1991లో ప్రశ్నలోనే చేర్చారు. అయినా ఇంటికొచ్చిన ఉద్యోగి అడిగితే మా మామ్మగారు ఏం చెబుతారు? "నాకేం పనొచ్చమ్మా!" అనేగా.

ఈ మాట మన కమ్మరిళ్లకే పరిమితం కాదు. ఇంగ్లండులో క్రాడ్లీ హీత్ అనే ఊళ్లో ఆడవాళ్లు నాలాగే పెరటి కొట్టాల్లో చిన్న కొలుములు పెట్టుకుని గొలుసులు చేసేవారు. సరదాకి కాదు, పొట్టకూటికి. పిల్లల్ని పక్కన పడుకోబెట్టుకుని వారమంతా కొడితే చేతికొచ్చేది చాలా తక్కువ. చట్టప్రకారం నిర్ణయమైన కనీస వేతనాన్ని యజమానులు ఎగ్గొట్టబోతే 1910లో మేరీ మెకార్థర్ నాయకత్వంలో సమ్మెకి దిగారు. పది వారాలు నిలబడి, గంటకి రెండున్నర పెన్నీలు సాధించుకున్నారు. వాళ్లకి గొలుసు పనివాళ్లన్న పేరు దక్కడానికి ఒక కారణం, గొలుసు తూకానికి డబ్బులు వాళ్ల చేతికే రావడం. తిత్తి లాగిన దానికి తూకం ఉండదు. తూకం లేని పనికి సమ్మె ఎలా చేస్తారు?

మన రోడ్ల పక్కనే ఇంకో దృశ్యం ఉంది. ఉత్తరాది నుంచి డేరాలతో వచ్చే సంచార కమ్మరుల్లో మగవాడు కూర్చుని పటకారు పడతాడు, ఆడమనిషి నిలబడి సమ్మెట వేస్తుంది. బరువు పని ఆడవాళ్ల వల్ల కాదన్న సిద్ధాంతం వాళ్లని చూస్తే ఏమౌతుందో తెలీదు. అక్కడ కూడా కత్తి బేరం మాత్రం ఆయనతోనే ఆడతాం.

ఆఫ్రికాలో ఇనుము తీసేవాళ్ల ఆచారాల మీద యూజీనియా హెర్బర్ట్ 1993లో ఒక పుస్తకం రాసింది. కొన్నిచోట్ల కొలిమికి రొమ్ములు పెట్టి ఆడమనిషిలా మలుస్తారు. లోపల ఇనుము పుడుతుంది కాబట్టి అది కాన్పు. కానీ నిజం ఆడవాళ్లు ఆ దరిదాపులకి రాకూడదు. పురుటి శక్తిని అరువు తెచ్చుకుని పురిటాలిని బయటికి పంపడం! మన దగ్గర ఆ తంతు అవసరం పడలేదు. మనం ఆవిణ్ణి లోపలే కూర్చోబెట్టుకుని, 'సాయం' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకున్నాం.

తిత్తికి ఇంకో వెనక కథ ఉంది. ఆ తోలు మాదిగవాడ నుంచి వచ్చేది. తోలు శుభ్రం చేసి ఊనడంలో అక్కడి ఆడవాళ్ల చేతులూ ఉన్నాయి. చేత్తో తిప్పే ఇనుప గాలిపంకా వచ్చాక తోలు అక్కర్లేకపోయింది. కరెంటు మోటారు వచ్చాక తిప్పే మనిషీ అక్కర్లేకపోయింది. కొలిమి ఆధునికమైంది. ఎవరి పనీ పోయినట్టు ఎక్కడా నమోదు కాలేదు. లెక్కలో లేని పని పోతే లెక్కలోకి ఎలా వస్తుంది? నా డ్రయ్యరు ఆ వరసలో ఆఖరుది. చెయ్యి నొప్పెడితే స్విచ్చి ఆపేసి లోపలికెళ్లి కాఫీ తాగుతాను. కులం చేత కట్టేసిన పనికీ, తోచక పెట్టుకున్న పనికీ మధ్య ఉన్న దూరమంతా ఆ స్విచ్చిలోనే ఉంది. దాన్ని దాచిపెట్టి 'నేనూ కమ్మరినే' అని చెప్పుకోవడం నాకు చేతకాదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, ఇది నా మీద నేను చేసుకునే ఫిర్యాదు. లారీ కమాను పట్టీ ముక్కతో కొడవలి చేశాను. వంపు బాగానే కుదిరింది. అయస్కాంతం అంటుకోనంత వేడెక్కాక, అంటే దాదాపు 770 డిగ్రీలు దాటాక, తీసి గభాలున బకెట్టు నీళ్లలో ముంచాను. టప్పున చప్పుడైంది, మధ్యలో నిలువునా చీలింది.

మామ్మగారు గోడ దగ్గరే ఉన్నారు.

"కమాను పట్టీ నీళ్లకి ఆగదమ్మా. నూనెలో ముంచాలి. పాత రోజుల్లో వచ్చే ఇనుముకైతే నీళ్లు చాలేవి. ఈ లారీ ఇనుము వచ్చాక మొదట్లో మావీ ఇలాగే పగిలాయి. ఇంజన్ నూనె తెచ్చి పెట్టమన్నది నేనే."

"మరి చెప్పలేదేం మామ్మగారూ?"

"మీరడగలేదు కదమ్మా."

నిజమే. ఆవిడ నాకు పని రాదంటే నేను నమ్మేశాను. స్త్రీ శక్తి సంఘటన వాళ్లు తెలంగాణ పోరాటంలోని ఆడవాళ్లని అడిగి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. దాన్ని మళ్లీ మళ్లీ చదివినదాన్ని, గోడకి అవతల ఉన్న మనిషిని అడగలేదు.

ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు ఆవిడ వస్తున్నారు. డ్రయ్యరుని ఆవిడ చేతికిచ్చాను. ఒకటే పోతగా ఊదితే పనికిరాదని, గొట్టం మూతి దగ్గర రేకు ముక్క అడ్డం పెట్టి గాలిని కాసేపు పెంచుతారు, కాసేపు తగ్గిస్తారు. కడ్డీ నారింజపండు రంగు దాటి పసుపులోకి తిరగగానే "ఊఁ" అంటారు, నేను తీస్తాను. రెండో కొడవలి నూనెలో ముంచాం, చీలలేదు. అలాగే వదిలేస్తే గాజులా పెళుసు కాబట్టి, ఇసకరాయితో రుద్ది తెల్లగా చేసి, మళ్లీ సన్నటి సెగ మీద పెట్టాం. తళతళలాడే ఇనుము మీద ముందు ఎండుగడ్డి రంగు పాకింది, తర్వాత గోధుమరంగు. నేను తీసెయ్యబోయాను.

"ఉండమ్మా, ఇంకాస్త. వంగపండు రంగు అంచుకి రానీ" అన్నారు మామ్మగారు, రేకు ముక్క సగం మూస్తూ.