ఫుగ్గర్ వంశం

ఫుగ్గర్లు దక్షిణ జర్మనీలోని ఆగ్స్‌బుర్గ్ నగరానికి చెందిన వర్తక కుటుంబం. వ్యాపారంలో గడించిన ధనంతోనే వీరు ప్రభువంశంగా ఎదిగారు. జర్మనీ పాత ప్రభుకుటుంబాల్లో చాలావాటికి మూలపురుషుడు గుర్రమెక్కి కత్తి పట్టిన యోధుడైతే, వీరి మూలపురుషుడు మగ్గం ముందు కూర్చున్న నేతగాడు. హాన్స్ ఫుగ్గర్ అనే ఆ నేతగాడు 1367లో గ్రాబెన్ పల్లె విడిచి ఆగ్స్‌బుర్గ్ చేరాడు. అవిసె నార పడుగు, పత్తి పేక కలిపి నేసే బట్టకు అప్పట్లో మంచి గిరాకీ. పత్తి మధ్యధరా తీరాల నుంచి వెనిస్ మీదుగా వచ్చేది. నేయడంతో మొదలైన బతుకు బట్టల టోకు వ్యాపారంగా మారింది.

తరువాతి తరాల్లో కుటుంబం రెండుగా చీలింది. జింకను చిహ్నంగా పొందిన శాఖ ముందుగా వెలిగింది గానీ, పాలకులకిచ్చిన అప్పు తిరిగి రాక 15వ శతాబ్దం ముగిసేలోపే దివాలా తీసింది. లిల్లీ పువ్వు చిహ్నం గల శాఖ నిలబడింది. అలా నిలబడడంలో బార్బరా బెసింగర్ పాత్ర పెద్దది. 1469లో భర్త చనిపోయాక ఆమె 1497 దాకా జీవించి, ఇంటి ఆస్తిని కాపాడి పెంచింది. వంశచరిత్రలో కొడుకు పేరు మోగినంతగా ఆమె పేరు మోగకపోవడం అన్యాయం.

ఆ కొడుకు యాకోబ్ ఫుగ్గర్ (1459–1525). వెనిస్‌లో వ్యాపారం నేర్చుకున్నాడు. అతని పద్ధతి చెప్పుకోవడానికి తేలికైనదే. టిరోల్ పాలకుడు సిగిస్మండ్‌కు ఎప్పుడూ డబ్బు కరువే. యాకోబ్ అతనికి అప్పిచ్చి, బాకీని నాణేల్లో కాకుండా ష్వాట్స్ గనుల వెండి రూపంలో, బజారు ధరకన్నా తక్కువకు రాబట్టుకున్నాడు. 1490లో టిరోల్, తరువాత చక్రవర్తి అయిన మాక్సిమిలియన్ చేతికి వచ్చాకా అదే ఏర్పాటు సాగింది. నీట మునిగిన గనుల్ని తోడడంలో ఆరితేరిన యోహాన్ తుర్జోతో కలిసి, నేటి స్లొవేకియాలోని బాన్‌స్కా బిస్త్రిత్సా చుట్టుపక్కల రాగి గనుల్లోనూ దిగాడు. వెండితో పాటు రాగిలోనూ ఫుగ్గర్లది పైచేయి అయింది.

ఆ రాగికి భారతదేశంతో నేరుగా సంబంధం ఉంది. పోర్చుగీసులు మలబారు మిరియాలకు మారుగా తెచ్చిన సరుకుల్లో రాగి ముఖ్యమైనది. 1505లో లిస్బన్ నుంచి బయల్దేరిన పోర్చుగీసు నౌకాధిపతి అల్మైడా నౌకాదళంలో ఇతర జర్మన్ వర్తకులతో పాటు ఫుగ్గర్లూ పెట్టుబడి పెట్టారు. 2008లో నమీబియా తీరంలోని వజ్రాల గనుల ప్రాంతంలో ఒక పోర్చుగీసు ఓడ శిథిలాలు బయటపడ్డాయి. 1533లో భారత్‌కు వస్తూ మునిగిన ‘బోమ్ జెసూస్’ ఇదేనని పరిశోధకులు భావిస్తున్నారు. అందులో దొరికిన టన్నుల కొద్దీ రాగి దిమ్మల మీద ఫుగ్గర్ల త్రిశూలం ముద్ర ఉంది.

1519లో పవిత్ర రోమన్ చక్రవర్తి ఎన్నిక వచ్చింది. ఓటు హక్కు ఏడుగురిదే. ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్‌ను ఓడించడానికి స్పెయిన్ రాజు చార్లెస్ పక్షం సుమారు 8,52,000 గిల్డర్లు ఖర్చుచేసింది. అందులో సుమారు 5,44,000 యాకోబ్ సమకూర్చినవే. బాకీ తీరక, 1523లో అతను చక్రవర్తికే ఉత్తరం రాశాడు. తన సాయం లేకుండా ఆ కిరీటం దక్కేది కాదని అందులో గుర్తుచేశాడు. ఒక వర్తకుడు చక్రవర్తితో అలా మాట్లాడగలగడం కాలం మారిందనడానికి పెద్ద సాక్ష్యం.

ఈ డబ్బు మతంలోకీ పాకింది. మైన్స్ ఆర్చిబిషప్ పదవి కోసం ఆల్బ్రెక్ట్ ఫుగ్గర్ల దగ్గర అప్పు చేశాడు. పాపపరిహార పత్రాల అమ్మకపు రాబడిలో సగం ఆ అప్పు తీర్చడానికి పోయేది. 1517లో మార్టిన్ లూథర్ ఎదురుతిరిగింది ఆ అమ్మకాల మీదనే.

మాక్సిమిలియన్‌కు అప్పు పెడుతూనే యాకోబ్ 1507లో కిర్ష్‌బెర్గ్, వైసెన్‌హార్న్ జాగీర్లు కొన్నాడు. 1511లో ప్రభుహోదా, 1514లో కౌంట్ బిరుదు వచ్చాయి. నేతగాడి మనవడికి పాత ప్రభువులు మనస్ఫూర్తిగా సాటి గౌరవం ఇవ్వలేదు. అతని గుత్తవ్యాపారాల మీద సామ్రాజ్యసభలో ఆరోపణలు రేగాయి. 1525లో రైతులు తిరగబడితే వారిని అణచిన కూటమికి అతను డబ్బిచ్చాడు. అదే మనిషి ఆగ్స్‌బుర్గ్‌లో పేద కథోలిక్కుల కోసం ‘ఫుగ్గరై’ అనే ఇళ్ల సముదాయం కట్టించాడు. దాని శాసనపత్రం 1521 నాటిది. ఏడాది అద్దె ఒక రైన్ గిల్డర్, దానితో పాటు దాతల కోసం రోజుకు మూడు ప్రార్థనలు. ఇప్పటికీ అవే షరతులు. ఆ గిల్డరు నేటి లెక్కలో 0.88 యూరో. సంగీతకర్త మొట్సార్ట్ ముత్తాత, తాపీమేస్త్రీ ఫ్రాంట్స్ మొట్సార్ట్, కడపటి రోజులు అక్కడే గడిపాడు. ఆ మంచి పనిని మెచ్చుకోవాలి. దానితో రైతుల రక్తపు లెక్క చెల్లిపోయిందని మాత్రం ఒప్పుకోలేం.

యాకోబ్‌కు పిల్లలు లేరు. అన్న కొడుకు అంటోన్ (1493–1560) పగ్గాలు పట్టాడు. 1546 నాటికి సంస్థ మూలధనం సుమారు 50 లక్షల గిల్డర్లకు చేరింది. కానీ అందులో ఎక్కువ భాగం స్పెయిన్ రాచరికం దగ్గర చిక్కుకుంది. 1557లో, 1575లో, 1607లో స్పెయిన్ చెల్లింపులు ఆపేసింది. ఒకప్పుడు జింక శాఖను ముంచిన తీరే ఇది. 17వ శతాబ్దం నడిమికి సంస్థ మూతపడింది.

వ్యాపారం సన్నగిల్లుతున్న కాలంలోనే ఇంట్లో పుస్తకాల మీద ప్రేమ పెరిగింది. హాన్స్ యాకోబ్ ఫుగ్గర్ గ్రంథాలయం 1571లో బవేరియా డ్యూక్‌కు అమ్ముడై, నేటి మ్యూనిక్ రాష్ట్ర గ్రంథాలయానికి పునాదుల్లో ఒకటైంది. ప్రొటెస్టెంటుగా మారిన ఉల్‌రిష్ ఫుగ్గర్ తన పుస్తకాలతో హైడెల్‌బెర్గ్ వెళ్లాడు. 1568 నుంచి 1605 దాకా ఇద్దరు సోదరులు పోగుచేసిన వార్తాలేఖలు ఇప్పుడు వియన్నాలో ఉన్నాయి. అచ్చు పత్రికలు రాకముందు యూరప్‌లో వార్త ఎలా ప్రయాణించేదో వాటిలో చూడవచ్చు.

ఆ తరువాత ఫుగ్గర్లది భూస్వాముల చరిత్రే. బాబెన్‌హౌసెన్ శాఖకు 1803లో ప్రిన్స్ హోదా దక్కింది, 1806లో వారి సంస్థానం బవేరియాలో కలిసిపోయింది. 1919 రాజ్యాంగం ప్రభువుల ప్రత్యేక హక్కుల్ని రద్దుచేసింది. బిరుదులు ఇంటిపేర్లలో భాగంగా మిగిలాయి. గ్లోట్ శాఖకు చెందిన యోసెఫ్ ఎర్న్‌స్ట్ ఫుగ్గర్ హిట్లర్‌ను వ్యతిరేకించిన క్రైసావ్ బృందంలో చేరి, 1944లో అరెస్టయి జైలుపాలయ్యాడు. యుద్ధం తరువాత పశ్చిమ జర్మనీ తొలి పార్లమెంటులో సభ్యుడయ్యాడు.

అదే 1944 ఫిబ్రవరిలో బాంబుదాడులకు ఫుగ్గరై చాలావరకు కూలిపోయింది. కుటుంబం దాన్ని పాత నమూనాలోనే తిరిగి కట్టించింది. నేడు 67 ఇళ్లలో సుమారు 150 మంది నివసిస్తున్నారు. దాని ఖర్చుకు ఆధారం ధర్మసంస్థకు చెందిన అడవుల రాబడి, స్థిరాస్తుల అద్దెలు, సందర్శకుల టిక్కెట్లు. నిర్వహణ ఇప్పటికీ ఫుగ్గర్ శాఖల చేతిలోనే ఉంది.