ట్రాన్స్‌ఫార్మర్స్ చలనచిత్ర శ్రేణి

ట్రాన్స్‌ఫార్మర్స్ అనేది వాహనాలుగా, ఆయుధాలుగా రూపం మార్చుకొనే మరమనిషి బొమ్మల ఆధారంగా అమెరికాలో రూపొందిన చలనచిత్ర శ్రేణి. జపాన్ సంస్థ టకారా తయారుచేసిన డయాక్లోన్, మైక్రోమాన్ బొమ్మలను హాస్‌బ్రో సంస్థ 1984లో ఈ పేరుతో అమెరికా విపణిలోకి తెచ్చినప్పుడు, ఆటోబాట్లు, డిసెప్టికాన్లు అనే వైరి పక్షాల కథను మార్వెల్ కామిక్స్ సమకూర్చగా, అదే ఏడాది కామిక్ పుస్తకాలు, టెలివిజన్ యానిమేషన్ ధారావాహిక వెలువడ్డాయి. 1986 నాటి యానిమేషన్ చిత్రంలో, కొత్త బొమ్మలకు చోటు కల్పించేందుకు నాయకపాత్ర ఆప్టిమస్ ప్రైమ్‌ను చంపివేయడం కథపై వ్యాపారావసరాల పెత్తనానికి స్పష్టమైన నిదర్శనం. నిరసనలు రావడంతో ఆ పాత్రను ధారావాహికలో తిరిగి బతికించారు. మైఖేల్ బే దర్శకత్వంలో 2007లో విడుదలైన తొలి లైవ్-యాక్షన్ చిత్రంలో నటీనటుల దృశ్యాలకు కంప్యూటర్‌తో సృష్టించిన మరమనుషులను జోడించారు; బొమ్మల్లో ఫోక్స్‌వాగన్ బీటిల్‌గా ఉన్న బంబుల్‌బీ అనే పాత్ర ఇందులో షెవర్లే కమారో కారుగా మారింది. 2011, 2014 భాగాలు ఒక్కొక్కటి ప్రపంచవ్యాప్తంగా 100 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేశాయి.