నిర్విషీకరణ ఎంజైముల జన్యుభేదాలు, ఎండోమెట్రియోసిస్

గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం అండాశయాల మీద, పొత్తికడుపు లోపల పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. తీవ్రమైన నెలసరి నొప్పి, సంతానలేమి దీని ముఖ్య లక్షణాలు. బహిష్టు రక్తం కొంత అండనాళాల గుండా వెనక్కి పోవడమే మూలమని 1927లో అమెరికా వైద్యుడు జాన్ సాంప్సన్ వాదించాడు. కానీ అలా వెనక్కి పోవడం చాలామందిలో జరిగేదే. జబ్బు మాత్రం కొందరికే వస్తుంది.

డయాక్సిన్ అనే విషం కలిపిన ఆహారం తిన్న రీసస్ కోతుల్లో ఈ జబ్బు ఎక్కువగా కనిపించిందని 1993లో అమెరికా పరిశోధకులు ప్రకటించాక, విషాలను విరిచే ఎంజైముల మీద దృష్టి పడింది. ఒంట్లో చేరిన విషాన్ని సీవైపీ1ఏ1 ఎంజైము ముందుగా మారుస్తుంది. ఆ దశలో పుట్టే పదార్థం ఒక్కోసారి అసలు విషం కన్నా ప్రమాదకరం. దాన్ని గ్లూటాథయోన్‌తో జతచేసి బయటికి పంపే పని జీఎస్‌టీఎం1, జీఎస్‌టీటీ1 ఎంజైములది. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతుల్లోనూ జీఎస్‌టీఎం1 జన్యువు లోపించినవారు యూరప్‌లో దాదాపు సగం మంది. దక్షిణ భారతంలో అంతకంటే తక్కువ. ఈ లోపానికీ జబ్బుకూ సంబంధం ఉండవచ్చని 1997లో ఫ్రాన్స్ అధ్యయనం ఒకటి సూచించింది. నాట్2 ఎంజైమునూ పరీక్షించారు. క్షయ మందు ఐసోనియాజిడ్ ఒకరిలో త్వరగా, మరొకరిలో నెమ్మదిగా విరగడానికి కారణం దీని భేదాలే.

తెలుగునాట ఈ ప్రశ్నను హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీ చేపట్టింది. ఎస్. శివాజీ బృందం, సికింద్రాబాదు సంతానసాఫల్య నిపుణురాలు మమతా దీనదయాళ్, ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన స్టీఫెన్ కెనెడీ కలిసి దక్షిణ భారత స్త్రీలలో ముదిరిన ఎండోమెట్రియోసిస్‌కూ సీవైపీ1ఏ1, జీఎస్‌టీఎం1, జీఎస్‌టీటీ1 జన్యువులకూ గల సంబంధాన్ని పరిశీలించి 2005లో ప్రచురించారు.

అప్పటికే 2001లో బ్రిటన్ అధ్యయనానికి ఏ సంబంధమూ దొరకలేదు. 2005లోనే వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ, అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదనీ, అనుకూల ఫలితాలే ఎక్కువగా అచ్చయిన ఛాయలున్నాయనీ తేల్చింది. అసలు చిక్కు పోలిక కోసం ఎవరిని తీసుకోవాలన్నదే. జబ్బు లేదని చెప్పాలంటే ఆ రోజుల్లో చిన్న కోత పెట్టి కెమెరాతో పొత్తికడుపు లోపల చూసే లాపరోస్కోపీ చేయాలి. ఆరోగ్యంగా ఉన్నవారికి ఆ కోత ఎవరూ పెట్టరు. పైగా రెండు గుంపులూ ఒకే జనసముదాయానివి కావాలి. తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు కలిసి బతికే కుప్పం, పుంగనూరు వంటి సరిహద్దు ప్రాంతాల్లో ఇది మరీ కష్టం. మేనరికాలు జీఎస్‌టీఎం1 వంటి జన్యువు రెండు ప్రతులూ లోపించే అవకాశాన్ని పెంచుతాయి గానీ, ఇంత సామాన్యమైన లోపం విషయంలో ఆ పెరుగుదల స్వల్పమే.

2010 నుంచి జన్యురాశి మొత్తాన్ని గాలించే అధ్యయనాలు మొదలయ్యాయి. దాదాపు 60 వేల మంది రోగులతో 2023లో వెలువడిన విశ్లేషణ 42 జన్యుస్థానాలను గుర్తించింది. వాటిలో హార్మోన్లకు, గర్భాశయ ఎదుగుదలకు, నొప్పికి సంబంధించినవే ప్రముఖం. అయితే జన్యువు మొత్తం లోపించడాన్ని ఆ పద్ధతి సరిగా పట్టుకోలేదు. ఆ రోగుల్లో అత్యధికులు యూరప్, తూర్పు ఆసియా మూలాలవారు. ప్రస్తుతం రోగనిర్ధారణ స్కానింగ్, లాపరోస్కోపీల మీదే జరుగుతుంది. నిర్విషీకరణ జన్యువుల పరీక్షకు అందులో స్థానం లేదు.