జాలీల వెనక గొంతులు

వివాల్డి ‘గ్లోరియా’ రికార్డింగు మళ్ళీ విన్నాను. మొదటి భాగం డి మేజర్‌లో వడివడిగా, పండగలా సాగుతుంది. రెండోది బి మైనర్. నడక నెమ్మదిస్తుంది. లోకానికి శాంతి కోరే మాటల్లో అంత దిగులెందుకో!

1703లో వివాల్డి వెనిస్‌లోని పియెటా అనాథాశ్రమంలో వయొలిన్ మాస్టారుగా చేరాడు. ఈ కృతి అక్కడి అమ్మాయిల కోసమే రాశాడంటారు. వాళ్ళు చర్చిలో ఇనప జాలీల వెనక నిలబడి పాడేవాళ్ళు. ఇంటిపేర్లు లేవు. వాయిద్యమో గొంతో ఇంటిపేరయ్యేది. ‘వయొలిన్’ అన్నా మరియా అలాంటిదే.

నా రికార్డింగులో మంద్రస్థాయి మగవాళ్ళది. పియెటాలో ఆ వరసలు కూడా ఆడవాళ్ళే పాడేవారని పరిశోధకులు చెబుతున్నారు. ఆ దిగులు స్వరకర్తదేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పాడినవాళ్ళ గురించి ఆలోచించాలని నాకూ తోచలేదు.