పాత డ్రాగ్ రేసు కార్ల పునరుద్ధరణ: ఒక చరిత్ర

డ్రాగ్ రేసులో మలుపులు ఉండవు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. ఆకుపచ్చ దీపం వెలగగానే పావు మైలు, అంటే 402 మీటర్లు, తిన్నగా దూసుకుపోతాయి. పది పన్నెండు సెకన్లలో పందెం తేలిపోతుంది. 1960లలో అమెరికా కంపెనీలు మధ్యరకం కార్లలో భారీ ఇంజన్లు బిగించి అమ్మాయి. వాటికే మజిల్ కార్లని పేరు. వాటిలో కొన్నింటిని అచ్చంగా ఈ పావు మైలు కోసమే తయారుచేశాయి. అలాంటి కారును షోరూం నుంచి బయటికొచ్చిన రోజుకు కాకుండా, పందెంలో నిలిచిన రోజుకు తిరిగి తీసుకురావడం ఇప్పుడు ప్రత్యేకమైన విద్య.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కాలిఫోర్నియా కుర్రకారు పాత కార్లకు పదునుపెట్టి వీధుల్లో, ఎండిన సరస్సుల్లో, వాడకం మానేసిన విమాన రన్‌వేల మీద పందేలు పెట్టుకునేవారు. ఆ పిచ్చిని ప్రమాదాల నుంచి తప్పించి ఒక పద్ధతిలో పెట్టాలని వాలీ పార్క్స్ 1951లో నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్‌ను స్థాపించాడు. అందరూ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే పిలుస్తారు. సంస్థ తొలి అధికారిక పోటీ 1953లో పొమోనాలో, ఒక సంతమైదానం పార్కింగ్ స్థలంలో జరిగింది. తొలి జాతీయ పోటీలకు 1955లో కాన్సస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్ వేదికైంది. దీపాల స్తంభం 1963లో వచ్చింది. అంతకుముందు జెండా ఊపి పందెం మొదలుపెట్టేవారు.

ఆదివారం గెలిచిన కారు సోమవారం అమ్ముడుపోతుందని కంపెనీలు త్వరగానే గ్రహించాయి. అక్కడి నుంచి బరువు తగ్గించే పోటీ మొదలైంది. 1963లో పాంటియాక్ తన కాటలినా కారు ఛాసిస్ పట్టీలకు పెద్ద పెద్ద రంధ్రాలు తొలిచింది. అభిమానులు దానికి స్విస్ చీజ్ అని పేరు పెట్టారు. అలాంటివి డజనుకు కాస్త ఎక్కువగా తయారయ్యాయో లేదో, పాంటియాక్, షెవర్లేల మాతృసంస్థ జనరల్ మోటార్స్ యాజమాన్యం రేసుల నుంచి తప్పుకోవాలని తన విభాగాలన్నిటికీ ఆజ్ఞ జారీచేసింది. అదే ఏడాది షెవర్లే ఇంపాలా జెడ్11 రకం 57 కార్లతోనే ఆగిపోయింది. 1964లో ఫోర్డ్ ఫెయిర్‌లేన్‌లో 427 క్యూబిక్ అంగుళాల ఇంజన్ దూర్చి థండర్‌బోల్ట్‌ను తయారుచేసింది. బానెట్, మడ్‌గార్డులు ఫైబర్‌గ్లాసువి. పక్క అద్దాలు ప్లాస్టిక్‌వి. లోపలి హెడ్‌లైట్లు తీసేసి, ఆ రంధ్రాల గుండా ఇంజన్‌కు గాలి అందేలా గొట్టాలు బిగించారు. చేసినవి మొత్తం 100.

క్రైస్లర్ ఇంకా ముందుకెళ్లింది. 1965లో కొన్ని డాడ్జ్, ప్లిమత్ కార్ల వెనక చక్రాలను 15 అంగుళాలు, ముందు చక్రాలను 10 అంగుళాలు ముందుకు జరిపింది. బరువు వెనక టైర్ల మీద పడి పట్టు పెరగాలన్నది ఉద్దేశం. వింత ఆకారం చూసి జనం వాటిని ఫన్నీ కార్లన్నారు. ఆ పేరు తర్వాత ఒక కొత్త రేసు తరగతికే స్థిరపడింది. క్రైస్లర్ హెమీ ఇంజన్‌తో వచ్చిన 1968 నాటి హెమీ డార్ట్, హెమీ బారకూడా కార్లను హర్స్ట్ సంస్థ సిద్ధంచేసింది. తలుపుల రేకును ఆమ్లంలో ముంచి పలచబరిచారు. అద్దం ఎక్కించే యంత్రం బదులు ఒక పట్టీ పెట్టారు. కొన్నవాడి చేతికి కారు బూడిదరంగు ప్రైమర్‌తోనే అందేది. రంగు ఏదైనా అతనే వేయించుకోవాలి. ఈ ఒక్క విషయం గుర్తుంటే చాలు, తర్వాతి తరాల పునరుద్ధరణ వాదాలన్నీ సులభంగా అర్థమవుతాయి.

ఆ కార్లు నడిపినవారూ అంతే వైవిధ్యమైనవారు. షర్లీ షాహన్ 1966 వింటర్‌నేషనల్స్‌లో గెలిచి, ఎన్‌హెచ్‌ఆర్‌ఏ జాతీయ పోటీ నెగ్గిన తొలి మహిళగా నిలిచింది. వర్ణవివక్ష గట్టిగా ఉన్న రోజుల్లో నల్లజాతి డ్రైవర్ మాల్కమ్ డర్హమ్ స్ట్రిప్ బ్లేజర్ అనే షెవర్లేతో పేరు తెచ్చుకున్నాడు. 1968లో పొమోనాలో అల్ జోనియెక్ ఫోర్డ్ మస్టాంగ్ కోబ్రాజెట్‌తో సూపర్ స్టాక్ విభాగం గెలిచాడు. 1969లో ఇల్లినాయ్ డీలర్ ఫ్రెడ్ గిబ్ పూర్తి అల్యూమినియం ఇంజన్‌తో 50 షెవర్లే కమారోలు ఆర్డరిచ్చాడు. జెడ్ఎల్1 అనే ఆ కార్లు చివరికి 69 తయారయ్యాయి. ధర 7,000 డాలర్లు దాటడంతో చాలావరకు డీలర్ల దగ్గరే చాన్నాళ్లు పడి ఉన్నాయి.

ఆ తర్వాత రోజులు మారాయి. 1970 నాటి స్వచ్ఛ వాయు చట్టం, పెరిగిన బీమా ప్రీమియంలు, 1973 చమురు సంక్షోభం కలిసి మజిల్ కార్ల కాలాన్ని ముగించాయి. పాతబడిన రేసు కారుకు విలువ లేదు. ఇంజన్ ఒకరికి, గేర్‌బాక్స్ ఇంకొకరికి అమ్ముడయ్యేవి. బాడీ వెనక భాగం కోసి వెడల్పు టైర్లకు చోటు చేసేవారు. ఆనాటి జట్ల రంగుల మీద కొత్త యజమానులు తమ రంగులు పూశారు.

1980ల నుంచి వాటి మీద మళ్లీ ప్రేమ పుట్టింది. మొదట్లో చాలామంది చేసింది ఒకటే పని: గీతలన్నీ చెరిపి, ఫ్యాక్టరీలో కూడా లేనంత మెరుపు పెట్టడం. వీధుల్లో తిరిగే కారుకు అది చెల్లుతుందేమో గానీ, రేసు కారుకు అన్యాయం. కారు పేరుతెచ్చుకున్న రూపం ఫ్యాక్టరీ ఇచ్చింది కాదు, జట్టు ఇచ్చింది. ఈ అవగాహన బలపడ్డాక పునరుద్ధరణ అంటే సాక్ష్యాలు వెతికే పని అయింది. పాలంపేటలో రామప్ప పక్కనున్న కామేశ్వరాలయాన్ని విప్పి మళ్లీ నిలబెట్టే పనిలో ఏ రాయి ఏ వరసలోదో తెలియాలి కదా, ఇక్కడా అంతే.

సాక్ష్యాలు చాలా చోట్ల దొరుకుతాయి. హాట్ రాడ్ వంటి పత్రికల పాత సంచికలు, ప్రేక్షకులు తీసుకున్న ఫొటోలు, పందెం చీటీలు. ఇంజన్ దిమ్మ మీద పోత పోసిన తేదీ ఉంటుంది. అది కారు తయారైన తేదీ కన్నా కాస్త ముందుండాలి, తర్వాత కాకూడదు. క్రైస్లర్ కార్లలో సీటు స్ప్రింగుల మధ్య ఇరుక్కున్న ఫ్యాక్టరీ కాగితం ఒక్కోసారి బయటపడుతుంది. ఫోర్డ్ కార్లకు 1967 నుంచి ఉత్పత్తి రికార్డులు మిగిలాయి. షెవర్లేకు ఆ అదృష్టం లేదు, అందుకే డీలర్ బిల్లుకు అంత విలువ. అన్నిటికన్నా ఆసక్తికరమైంది రంగు. నీటి ఎమరీతో పైపొరలు మెల్లగా రుద్దితే అడుగున పాత డ్రైవర్ పేరు, డీలర్ పేరు, బంగారు రేకు అక్షరాల నీడలు తేలతాయి. వాటిని స్టిక్కర్లతో కాకుండా మళ్లీ చేత్తోనే రాయించాలి. కిటికీ మీద తెల్ల బూటు పాలిష్‌తో రాసిన తరగతి నంబరు దగ్గర కూడా రాజీపడకూడదు.

చక్కదిద్దకూడనివీ ఉంటాయి. రాత్రికి రాత్రి వేసిన వంకర వెల్డింగు, మెకానిక్ చేత్తో కోసిన రంధ్రం చరిత్రలో భాగమే. అలాంటివి సరిచేసినవాడు కారును అందంగా చేయొచ్చు, కానీ ఒక ఆధారాన్ని చెరిపేసినట్టే.

నడపడం మాత్రం వేరే చిక్కు. ఆనాటి మెగ్నీషియం చక్రాలు కాలక్రమంలో చిట్లుతాయి. ఆనాటి రోల్‌బార్ నేటి భద్రతా నియమాలకు చాలదు. ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజన్‌కు 100 దాటిన ఆక్టేన్ పెట్రోలు కావాలి. అందుకే యజమానులు రెండు దారులుగా విడిపోయారు. కొన్ని హెమీ కార్లు నేటి విడిభాగాలతో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ హెమీ ఛాలెంజ్‌లో ఇప్పటికీ పరుగెడుతున్నాయి. మరికొన్ని 1968 నాటి రూపంలో ప్రదర్శనలకే పరిమితమయ్యాయి. పొమోనాలో 1998లో తెరిచిన వాలీ పార్క్స్ మ్యూజియం, షికాగో శివారు రోజ్‌మాంట్‌లో ఏటా జరిగే మజిల్ కార్ అండ్ కార్వెట్ నేషనల్స్ వాటిని చూడదగ్గ చోట్లు.

మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనానికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని ఉంటుంది. తొలి రుసుము 20,000 రూపాయలు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చి ఉండకూడదని షరతు. చక్రాలు జరిపిన 1965 డాడ్జ్ లాంటి కారు ఎంత నిజాయితీగా పునరుద్ధరించినా ఆ షరతు దగ్గరే ఆగిపోవచ్చు.