చింతచెట్టుకు నంబరు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు అడిగితే నాకు చింతచెట్టు తప్ప మరొకటి తోచలేదు. నా 34 సంవత్సరాల ఉద్యోగంలో చాలా భాగం రోడ్ల ప్రక్కన చెట్ల లెక్కలతోనే గడిచింది మరి.

హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు సంగతి మనలో చాలామందికి తెలుసు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు సుమారు 15 వేల మంది చనిపోయారంటారు. కవి అమ్జద్ హైదరాబాదీ కళ్ళెదుటే తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు. ఆ వరదలో ఈ చెట్టెక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. చింతకొమ్మ వంగుతుందే కాని తొందరగా విరగదు. మా నాయనగారిని ఆ ఆసుపత్రిలో చేర్పించినప్పుడు నేను దానిని మొదటిసారి చూశాను. విశ్వేశ్వరయ్య గారిని పిలిపించడం, గండిపేట చెరువు కట్టించడం ఆ వరద తరువాతి మాటలు.

చింతకు పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞుల మాట. అరబ్బులు మాత్రం 'తమర్ హిందీ', అంటే హిందూదేశపు ఖర్జూరం అన్నారు. 1753లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రీయ నామంలోనూ 'ఇండికా' అనే ఉన్నది. మెట్టినింటి పేరే నిలిచింది!

మన ఇళ్ళలో దీని వాడకం చెప్పబోతే సంచిక చాలదు. ఎండాకాలం ముందు చింతచిగురు పప్పు, పచ్చికాయతో తొక్కు, పండుతో పచ్చిపులుసు. మా అమ్మ పులుసు రాతిచిప్పలోనే కాచేది. ఇత్తడి గిన్నె అయితే కళాయి పూయించనిదే పులుపు ముట్టనిచ్చేది కాదు, చిలుము విషమని. ఆ ఇత్తడినే తోమడానికి మళ్ళీ చింతపండే! జ్వరం తగ్గినవాళ్ళకు, బాలింతలకు పథ్యంగా పాత చింతకాయ పచ్చడి పెట్టేవారు. కొత్తది పెడితే మా నాయనమ్మ ఊరుకునేది కాదు. కాలు బెణికితే చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేసేవారు. వాపులకు చింతాకు కాపడం. మలబద్ధకానికి చింతపండు నీళ్ళు. నేటి డాక్టర్లు ఇందులో కొన్నిటికి నవ్వవచ్చు, నేను వాదించను.

గింజను మాత్రం మనం చిన్నచూపు చూశాము. కరువు రోజుల్లో గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి తిన్నవాళ్ళున్నారు. కురుమలు గొంగడికి పట్టించే గంజి చింతగింజలదే. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో డెహ్రాడూన్ పరిశోధకులు దీని పొడి బట్టల మిల్లుల గంజికి పనికివస్తుందని తేల్చారు. గొంగడి నేసేవాళ్ళకు అది ముందే తెలుసు.

ఇక నా సంగతి. ఏటా రోడ్డు చింతల కాయ వేలం పాట వ్రాసినవాణ్ణి నేను. ఒక ఏడు వేలానికి బదులు, రోడ్డు వెడల్పు చేయడానికి కొట్టవలసిన చెట్ల జాబితా తయారు చేయమన్నారు. తెల్లరంగు డబ్బా పట్టుకొని 41 చెట్లకు నేనే నంబర్లు వేశాను. 17వ చెట్టు క్రింద ఒక ముసలమ్మ చిగురు కోస్తున్నది. "ఏంది సారూ, ఈసారి వేలం ముందే పెట్టిన్రా?" అని అడిగింది. నేను అవునన్నాను. ఉద్యోగ జీవితంలో నేనాడిన అబద్ధాలలో అదే నాకు ఇప్పటికీ గుర్తున్నది. ఆమె కొంగులోని చిగురు రెండు దోసిళ్ళు తీసి నా రుమాలులో పోసింది. ఇంటికి తెచ్చాను. మా ఆవిడ పప్పు వండింది. కారణం చెప్పలేదు కాని ఆ రోజు నేను మజ్జిగ అన్నమే తిన్నాను.

మొన్న ఆ దారిన బస్సులో వెళ్ళాను. రోడ్డు చక్కగా ఉన్నది. నీడ కోసం జనం బస్టాపు రేకు క్రింద ఇరుక్కుని నిలబడ్డారు.