లైసెన్సు తీసుకున్నారు సరే, రసీదేదీ?

బెజవాడ గవర్నర్‌పేట కోర్టుల్లో నేను ప్లీడరు గుమాస్తాగా కుదిరేనాటికి లారీ డ్రైవర్ల పెట్టీ కేసులంటే జూనియర్ వకీళ్ళకి కూడా చిన్నచూపే. ఫీజు తక్కువ, తిరుగుడు ఎక్కువ. అందుకే అవన్నీ నా బల్ల మీదికొచ్చి పడేవి. మద్రాసు-కలకత్తా రోడ్డూ, హైదరాబాదు-బందరు రోడ్డూ కలుసుకునే ఊరు మాది. పైగా ఆటోనగర్ ఉంది. బాడీ కట్టించడానికో, పట్టీలు మార్చడానికో, లోడు కోసమో నాలుగు దిక్కుల బళ్ళూ ఇటు రావాల్సిందే. వచ్చినవాటిలో కొన్నింటిని ఎవరో ఒకరు ఆపాల్సిందే. పోలీసు చెయ్యెత్తితే ఏం చెయ్యాలని ఇప్పటికీ నన్ను అడిగేవాళ్ళున్నారు. ఆగు, కాయితాలు చూపించు, నీ చేతినుంచి ఏది పోయినా బదులుగా ఒక కాయితం పుచ్చుకో అంటాను. మొదటి రెండూ అందరికీ గుర్తుంటాయి. మూడోదే మర్చిపోతారు.

దేశం మొత్తానికి కలిపి మోటారు బళ్ళ చట్టం మొదట వచ్చింది 1914లో. నడిపేవాడికి లైసెన్సుండాలని, పోలీసు అడిగితే చూపించాలని అప్పుడే రాశారు. ఎప్పుడెప్పుడు ఆగాలో కూడా రాశారు. రాకపోకలు సర్దడానికో, పేరూ ఊరూ కనుక్కోడానికో పోలీసు ఆపితే ఆగాలి. ప్రమాదం జరిగితే ఆగాలి. ఎద్దో గుర్రమో బెదురుతోందని దాన్ని తోలుకెళ్ళే మనిషి ఆపమన్నా ఆగాలి. అప్పటికి రోడ్డు బళ్ళవాళ్ళది, మోటారు కొత్త చుట్టం. మరి అలా ఆపించే హక్కు ఆనాటితో పోయిందా అంటే, లేదు. 1939లో కొత్త చట్టమొచ్చినా పోలేదు, ఇప్పుడు నడుస్తున్న 1988 చట్టం 132వ సెక్షన్లోనూ భద్రంగా ఉంది. మంద బెదిరిపోతుందని గొర్రెల కాపరి కర్ర అడ్డం పెడితే ఆగకుండా హారన్ మోగించుకుంటూ పోయే కారాయన ఆ సెక్షన్ ఓసారి చదువుకోవాలి.

చట్టం మోటారు గురించి రాసినా, మా చిన్నప్పుడు పోలీసు ఆపడమంటే సైకిలు మీదే. చీకటి పడ్డాక దీపం లేకపోతే ఆపేవాళ్ళు. డబుల్స్ వెళితే ఆపేవాళ్ళు. సైకిలుకి పన్ను కట్టి బిళ్ళ బిగించుకోవాలి, అది లేకపోయినా ఆపేవాళ్ళు. కేసు రాసే ఓపిక లేని జవాను వాల్వు విప్పి గాలి తీసేసేవాడు. దాంతో ఊరి జనం ఒక విద్య నేర్చుకున్నారు. కూడలి దగ్గరపడగానే వెనక కూచున్నవాడు దిగి, ఏమీ ఎరగనట్టు నడుచుకుంటూ జవాన్ని దాటి, అవతల మళ్ళీ ఎక్కేవాడు. దీపం లేనివాడు సైకిలు నడిపించుకుంటూ పోయేవాడు. గాలి తీసే అధికారం చట్టంలో ఎక్కడా లేదు. అయినా ఎవరూ అడగలేదు, ఎందుకంటే కేసుకన్నా గాలే చవక. గాలి తీస్తే రసీదుండదు, వాయిదా ఉండదు, అప్పీలూ ఉండదు. రోడ్డుమీదే తేల్చేసుకుందాం అనే అలవాటు మన జనానికి అక్కడే పట్టుబడిందని నా అనుమానం.

ఈలోపు డ్రైవరు జేబు బరువెక్కింది. 1939 చట్టం పర్మిట్లు తెచ్చింది. ఎదుటివాడికి నష్టం జరిగితే పరిహారం ఇచ్చేందుకు బీమా తప్పనిసరన్న భాగం 1946 జులైలో అమల్లోకొచ్చింది. 1989 రూల్స్‌తో పొగ సర్టిఫికెట్టు కూడా తోడైంది. సీ-బుక్కు, ఎఫ్‌సీ, పర్మిట్, ట్యాక్సు కట్టిన కాయితం, ఇన్సూరెన్సు, సరుకు తాలూకు వేబిల్లు... ఇన్నిటినీ ఒక రెక్సిన్ సంచీలో పెట్టి, అద్దం పైన దేవుడి పటం పక్కన దోపేవాళ్ళు. పోలీసుకి తోడు మోటారు వెహికిల్ ఇన్‌స్పెక్టరు కూడా ఆపుతాడు. మా వైపు ఆయన్ని బ్రేకినస్పెక్టరనే అనేవాళ్ళు. బండెక్కి బ్రేకు తొక్కి చూసేవాడు కనక ఆ పేరు నిలిచిపోయింది. ఆయన జీపు కనబడితే ఎదురొచ్చే లారీవాళ్ళు హెడ్‌లైట్లు రెండుసార్లు కొట్టి చెప్పేవాళ్ళు. ముక్కూ మొహం తెలియని పంజాబీ డ్రైవరుక్కూడా ఆ సైగ అర్థమయ్యేది.

పాత లైసెన్సు చూసినవాళ్ళకే తెలుస్తుంది. జేబులో పట్టేంత చిన్న పుస్తకం. లోపల అతికించిన ఫోటో, దాని మీద సగం, కాయితం మీద సగం పడేట్టు గుండ్రటి ముద్ర. కోర్టు వేసిన శిక్షలు రాయడానికి వెనక ఖాళీ పేజీలు. చొక్కా జేబులో చెమటకి నాని, అంచులు నలిగి, ఫోటోలో మనిషి సగం మాసిపోయి ఉండేవాడు. రోడ్డుమీద దాన్ని తీసుకుంటే పోలీసు ఒక చీటీ రాసివ్వాలి. ఆ చీటీ ఉత్త రసీదనుకుంటారు చాలామంది. ఇప్పటి చట్టం 206వ సెక్షన్ ప్రకారం, లైసెన్సు తిరిగొచ్చేదాకా లేదా అందులో వేసిన తేదీదాకా బండి నడపడానికి అనుమతి కూడా అదే. దారిలో ఇంకో పోలీసు ఆపితే లైసెన్సు బదులు దాన్నే చూపించొచ్చని 130వ సెక్షన్ విడిగా చెబుతుంది. ఆ చీటీ లేకుండా నా దగ్గరికొచ్చిన డ్రైవరు కేసు ఏ స్టేషన్లో ఉందో, ఏ కోర్టుకి పోయిందో తెలుసుకోడానికే కాలం గడిచిపోయేది. బండి ఓనరు షెడ్లో, లోడు రోడ్డుమీద, డ్రైవరు మా వరండాలో.

పెట్టీ కేసుల రోజు కోర్టు చూడాలి. బంట్రోతు పేర్లు పిలుస్తుంటే పది మంది ఒకేసారి లోపలికెళ్ళి వరసగా నిలబడేవాళ్ళు. "తప్పు ఒప్పుకుంటున్నావా?" "చిత్తం." జరిమానా, దాంతోపాటు ఒక్కోసారి కోర్టు లేచేదాకా శిక్ష. అంటే మేజిస్ట్రేటుగారు సాయంత్రం దిగేదాకా అక్కడే కూచోవాలి. ఆ కూచున్నవాళ్ళకి మా వరండా పక్క టీకొట్టు అరువిచ్చేది. తప్పు చెయ్యలేదన్నవాడికి మాత్రం వాయిదా పడేది, మళ్ళీ రావాలి. కటక్ నుంచి చెన్నై పోయేవాడు మళ్ళీ ఎలా వస్తాడు? అందుకే చెయ్యనివాడూ చిత్తమనేవాడు. ఇలాంటి చిన్న తప్పులకి మనియార్డరు కూపన్లోనే ఒప్పుకుని సొమ్ము పంపేయొచ్చని సమన్లలోనే రాసే ఏర్పాటు చట్టంలో ఉంది. ఒప్పుకోవడానికి పోస్టాఫీసు చాలు, కాదనడానికి మనిషి రావాలి. ఈ తేడాలోంచే రోడ్డుపక్క మామూలు పుట్టింది. కేవలం పోలీసు ఆశలోంచే పుట్టిందంటే నేనొప్పుకోను.

ఆ రోజుల్లో గుంటూరు పొగాకు లోడ్లు తోలే ఒక ముసలి డ్రైవరు కుర్ర క్లీనర్లకి పాఠం చెప్పేవాడు, మా బల్ల పక్కనే కూచుని. "ఒరే అబ్బాయ్, చెయ్యి కనబడగానే బ్రేకు మీద నిలబడమాక. వెనకోడు గుద్దుతాడు. లైటేసి, స్పీడు తగ్గించి, మలుపూ వంతెనా కాని చోట ఎడమకి కొట్టు. ఇంజను కట్టెయ్. రాత్రైతే కేబిన్లో లైటెయ్, నీ చేతులు ఆయనకి కనబడాలి. ఆయన ముందు చెప్పనీ, నువ్వు తర్వాత చెప్పు. నోరు జారావా, వంద రూపాయల కేసు వెయ్యి రూపాయలవుద్ది. డబ్బు కడితే రసీదడుగు. సార్ అనే అడుగు, కానీ అడుగు." ఆ సెక్షన్ల నంబర్లు ఆయనకి ఒక్కటీ తెలీదు. చట్టం మాత్రం తెలుసు. లైసెన్సు అడిగే పోలీసు యూనిఫాంలో ఉండాలనీ, కాయితం పట్టుకుపోతే కాయితం ఇవ్వాలనీ చదివి నేర్చుకున్న నాకన్నా బాగా చెప్పేవాడు.

గత పదేళ్ళలో సంచీ ఖాళీ అయింది. 2016లో తెలంగాణ ఫోనులోనే లైసెన్సూ ఆర్‌సీ చూపించే ఎం-వాలెట్ తెచ్చింది. 2018లో కేంద్రం రూల్స్ సవరించి డిజిటల్ కాయితాలు దేశమంతటా చెల్లుతాయంది. 2020 అక్టోబరు నుంచి, కంప్యూటర్లో సరిచూసుకోగలిగిన కాయితాన్ని విడిగా అడగక్కర్లేదన్నారు. 2017 జులైలో జీఎస్టీతో సేల్స్ టాక్సు చెక్‌పోస్టులు పోయాయి. తడ దగ్గరా, ఇచ్ఛాపురం దగ్గరా బారులు తీరిన లారీలనూ, వాటి కింద స్టవ్వులు వెలిగించుకుని వంట చేసుకునే క్లీనర్లనూ చూసినవాళ్ళకి అదెంత మార్పో తెలుసు.

కొత్తగా పెరిగింది రాత్రి తనిఖీ. వంద మిల్లీలీటర్ల నెత్తురులో ముప్పై మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే కేసు. 2019 సెప్టెంబరు నుంచి చట్టంలో మొదటిసారికే పదివేల జరిమానా. అనుమానం ఉన్నప్పుడు ఊదనని మొండికేస్తే వారంటు లేకుండానే అరెస్టు చెయ్యొచ్చు. కనక ఊదడమే మంచిది, గొట్టం కొత్తది పెట్టమని అడిగి మరీ. ఇక్కడ కూడా రెండోవైపు ఉంది. 2021లో తెలంగాణ హైకోర్టు, తాగాడన్న ఒక్క కారణానికి బండిని పట్టుకుపోయే అధికారం పోలీసుకి లేదంది. పక్కన తాగని, లైసెన్సున్న మనిషి ఉంటే అతనికివ్వాలి, లేకపోతే బంధువుని పిలిపించి అప్పగించాలి. ఎవరూ దొరక్కపోతేనే తాత్కాలికంగా భద్రపరచాలి. ఆ తీర్పు సారం ఫోనులో పెట్టుకున్న కుర్రాడొకడు తాళంచెవి వాళ్ళ అన్న చేతికి ఇప్పించుకున్నాడు. గొడవ పడలేదు, చూపించాడంతే.

రాత్రి తనిఖీ మాటెలా ఉన్నా, ఇప్పుడు పగలు అసలు ఆపడమే తగ్గిపోయింది. వెనకనుంచి ఒక ఫోటో, ఫోనుకి ఒక మెసేజి. 2021 ఆగస్టులో వచ్చిన రూలు ప్రకారం కెమెరాకి పనితనం ధ్రువపత్రం ఉండాలి, కెమెరా ఉన్న రోడ్డుమీద బోర్డుండాలి, తప్పు జరిగిన పదిహేను రోజుల్లోపు నోటీసు రావాలి. ఈ నోటీసే ఈ కాలపు చీటీ. కానీ దాన్ని తెరిచి చూసేదెవరు? ఫోటోలో ఉన్నది మన బండేనా, నంబరులో మూడు ఎనిమిదైందా, ఆ తేదీన మనం ఆ ఊళ్ళో ఉన్నామా? చూడకుండా వదిలేస్తారు, డిస్కౌంటు కోసం. తెలంగాణలో 2022 మార్చిలో ద్విచక్ర వాహనాల చలానాల మీద 75 శాతం తగ్గించారు, 2023 డిసెంబరులో 80 శాతం. జనం సంతోషంగా కట్టారు. నాకు మాత్రం పాత కోర్టు హాలే కనబడింది. తప్పు చేసినవాడూ చెయ్యనివాడూ ఒకే వరసలో నిలబడి చిత్తమన్నట్టుంది.

కాదనడం ఇప్పుడు అంత కష్టమేం కాదు. కటక్ డ్రైవరుకి లేని వీలు మనకుంది. చలానా సైటులో నంబరు కొడితే ఫోటో కనబడుతుంది, తప్పుగా వేశారని అక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు. పోలీసు ఎదురుగా ఉన్నా, కెమెరా స్తంభం మీద ఉన్నా పద్ధతి ఒక్కటే. రోడ్డుమీద వాదించకు, రోడ్డుమీద డబ్బూ తేల్చకు. కాయితం పుచ్చుకుని, చదివి, తప్పు నీదైతే ఈ నెలలోనే కట్టెయ్. నీది కాకపోతే, వందరూపాయలేగా అని వదిలెయ్యకుండా కాదని రాసిపెట్టు.